అక్షరం మారలేదు... అయినా ఆగింది!

నిన్నటిదాకా భేషుగ్గా తయారైన ప్రోగ్రాం ఇవాళ మొరాయించింది. అందులో ఎవరూ ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మారిందల్లా దాన్ని తయారుచేసే పనిముట్టు! వీడియో ప్రపంచానికి వెన్నెముకలాంటి 'ఎఫ్ఎఫ్ఎంపెగ్'కు 2023లో ఎదురైన అనుభవం ఇది.

కంప్యూటర్లో సినిమా చూస్తాం. బొమ్మ వస్తుంది, పాట వినిపిస్తుంది... అంతే! దాని వెనక ఎవరున్నారో పట్టించుకోం. కుదించి దాచిన వీడియోను విప్పి తెరమీదికి తెచ్చే పనిని చాలాచోట్ల చేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో దీన్ని మొదలుపెట్టారు. వీఎల్‌సీ ప్లేయర్, క్రోమ్ బ్రౌజర్ కూడా దీని సాయం తీసుకునేవే. దీని సోర్స్ కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకుని, తమ కంప్యూటర్లోనే ప్రోగ్రాంగా తయారుచేసుకోవచ్చు. చిక్కు వచ్చింది కూడా ఆ తయారీలోనే.

రెండు మెట్ల తయారీ

మనిషి రాసిన ప్రోగ్రాం నేరుగా చిప్‌కి అర్థం కాదు. సీ భాషలో రాసినదాన్ని ముందు కంపైలర్ చదివి, చిప్ భాషకు దగ్గరగా ఉండే అసెంబ్లీలోకి మారుస్తుంది. ఆ అసెంబ్లీని మరో పనిముట్టు అందుకుని అంకెలుగా మలుస్తుంది. దాని పేరు అసెంబ్లర్.

మామూలుగా ప్రోగ్రామర్లు అసెంబ్లీ జోలికి పోరు. కానీ సెకనుకు పాతిక, ముప్ఫై బొమ్మల్ని విప్పాల్సిన చోట ప్రతి లిప్తా విలువైనదే. అందుకే కొందరు సీ ప్రోగ్రాం మధ్యలోనే కొన్ని అసెంబ్లీ ఆదేశాల్ని సొంతంగా రాసి ఇరికిస్తారు. దీన్నే 'ఇన్‌లైన్ అసెంబ్లీ' అంటారు. ఇక్కడే ఉంది తిరకాసు. జీసీసీ అనే కంపైలర్ ఈ ఆదేశాల అర్థంలోకి వెళ్లదు. ఖాళీలు పూరించి, ఉన్నది ఉన్నట్టు అసెంబ్లర్‌కి అప్పజెబుతుంది. సీల్డ్ కవరును చేరవేసే పోస్ట్‌మ్యాన్ లాగా అన్నమాట. లోపల ఏముందో చూసేది అసెంబ్లరే!

గడియారం చిట్కా

వీడియో ఫైలంటే సున్నాలు, ఒకట్ల పొడవాటి గొలుసు. అందులోంచి కావల్సినన్ని అంకెల్ని తుంచుకుంటూ పోవాలి. 32 అంకెల ముక్కలో మొదటి 9 కావాలంటే, మొత్తాన్ని కుడివైపుకు 23 స్థానాలు జరపాలి. అంటే 32లోంచి 9 తీసేయాలి. ఆ తీసివేత కూడా దండగే అనిపించింది ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాసినవాళ్లకు. '23 స్థానాలు జరుపు' అనే బదులు 'మైనస్ 9 స్థానాలు జరుపు' అని రాశారు.

అదెలా కుదురుతుంది? గోడ గడియారాన్ని చూడండి. ముల్లును 3 గంటలు వెనక్కి తిప్పినా, 9 గంటలు ముందుకు తిప్పినా చేరేది ఒకచోటికే. చిప్ దగ్గర ఉన్నది 32 గంటల గడియారం అనుకోండి. అక్కడ మైనస్ 9 అన్నా, 23 అన్నా ఒకటే! 80286 చిప్ నాటి నుంచీ ఇంటెల్ తీరు ఇదే. 32 అంకెల ముక్కను ఎన్ని స్థానాలు జరపాలో చెప్పే సంఖ్యలో చివరి 5 బిట్లనే చిప్ లెక్కలోకి తీసుకుంటుంది. మిగతావి వదిలేస్తుంది. కాబట్టి చిట్కా ఏళ్ల తరబడి చక్కగా పనిచేసింది. అసెంబ్లర్ కూడా ఏనాడూ కిమ్మనలేదు.

కొత్త అసెంబ్లర్... కొత్త పట్టింపు

2023 జులై చివర్లో బిన్‌యుటిల్స్ 2.41 విడుదలైంది. లైనక్స్ ప్రపంచం వాడే అసెంబ్లర్ ఉండేది ఈ మూటలోనే. కొత్త అసెంబ్లర్ పట్టింపు పెంచింది. హద్దు దాటిన ఆ సంఖ్యను ఒప్పుకోలేదు. 'ఆపరాండ్ టైప్ మిస్‌మ్యాచ్' అంటూ తయారీని మధ్యలోనే ఆపేసింది. ఒకే ఫైలు పేరు, ఒకే తరహా తప్పు... తెరనిండా వరసలు!

అప్పటికే తయారై కంప్యూటర్లలో ఉన్న ప్లేయర్లకు ఏమీ కాలేదు. సినిమా చూసేవాళ్లకు సంగతే తెలియదు. ఇబ్బందల్లా కొత్తగా తయారుచేయాల్సిన వాళ్లకే. అలాగని చిన్న విషయమేం కాదు. పాత వెర్షన్‌లో భద్రతా లోపం బయటపడితే, సరిదిద్ది మళ్లీ తయారుచేసి పంపాలి. తయారీయే ఆగిపోతే ఆ మందు రోగికి చేరేదెలా?

తప్పెవరిది? చిప్ ఒప్పుకునేదే రాశామన్నది ఒక వాదన. ఒకప్పుడు అసెంబ్లర్ చూసీచూడనట్టు వదిలేసిన దాన్ని హక్కు అనుకోవడం పొరపాటన్నది రెండో వాదన. పట్టింపు పెరిగితే అసలైన పొరపాట్లు ముందే దొరుకుతాయి కదా! విచిత్రమేంటంటే, సంఖ్య ముందే తెలిసిన చోట ఈ చిట్కాతో ఒరిగిందేమీ లేదు. 32లోంచి 9 తీసేసే పని కంపైలర్ తయారీ సమయంలోనే చేసిపెట్టగలదు.

చిన్న సవరణే మందు

నిజానికి కొత్త అసెంబ్లర్ విడుదలకు ముందే ఎఫ్ఎఫ్ఎంపెగ్ బృందం మేలుకుంది. అదే జులైలో సవరణ చేసింది. సంఖ్య ముందే తెలిస్తే దాన్ని 0 నుంచి 31 లోపుకు కుదించి ఇవ్వడం, తెలియకపోతే పాత పద్ధతినే పాటించడం... అంతే. కానీ ఆ ఫిబ్రవరిలోనే బయటికొచ్చిన 6.0 వెర్షన్‌లో, అంతకుముందు వాటిలో ఆ సవరణ లేదు. అవి వాడేవాళ్లు దాన్ని విడిగా అతికించుకోవాల్సి వచ్చింది. లేదంటే పాత అసెంబ్లర్‌తోనే సర్దుకోవడం, ఇన్‌లైన్ అసెంబ్లీని పూర్తిగా పక్కనపెట్టి తయారుచేసుకోవడం మిగిలిన దారులు. నవంబరులో వచ్చిన 6.1తో కొత్త వెర్షన్ల బెడద తీరింది.

ఇలాంటి చిక్కు అటునుంచి కూడా వస్తుంది. 2018లో లైనక్స్ కెర్నెల్ 4.17, ఎక్స్86 చిప్‌ల కోసం 'ఏఎస్ఎం గోటూ' అనే సదుపాయాన్ని తప్పనిసరి చేసింది. ఇన్‌లైన్ అసెంబ్లీలోంచి సీ ప్రోగ్రాంలోని మరో చోటికి నేరుగా దూకే వెసులుబాటు అది. జీసీసీకి అది వచ్చు. క్లాంగ్ అనే మరో కంపైలర్‌కి రాదు. దాంతో ఆ చిప్‌ల కెర్నెల్‌ను క్లాంగ్‌తో తయారుచేసే దారి మూసుకుపోయింది. 2019 సెప్టెంబరులో క్లాంగ్ 9 వచ్చి ఆ విద్య నేర్చాకే మళ్లీ తెరుచుకుంది.

చిట్కా రాసినవాళ్లు చిప్‌ను చదివారు. చిప్‌కీ తమకూ మధ్య ఇంకో ఇద్దరున్నారన్న సంగతే మరిచారు. ఆ ఇద్దరిలో ఒకరు మారితే చాలు... అక్షరం మారకపోయినా ఆట ఆగుతుంది!