కోఠి మహిళా కళాశాల విశ్వవిద్యాలయం అయింది. మరి పాత రికార్డులు? మన కోలారు ఇళ్లకూ పనికొచ్చే సంగతి

హైదరాబాదు కోఠిలోని మహిళా కళాశాల ఇప్పుడు కళాశాల కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద 1924లో మొదలైన ఆ సంస్థను 2022లో తెలంగాణ ప్రభుత్వం మహిళా విశ్వవిద్యాలయంగా మార్చింది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సుమారు వంద సంవత్సరాలు మన తెలుగు ఆడపిల్లలు చదువుకున్న చోటు అది. స్థాయి పెరగడం సంతోషమే. అయితే ఎప్పుడో అక్కడ చదివిన ఒక అమ్మ మార్కుల కార్డు పోగొట్టుకుంటే ఎవరిని అడగాలి?

ఇది హైదరాబాదు వాళ్ల సమస్య మాత్రమే కాదు. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని విడదీసి, మన తమక కేంద్రంగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం పెట్టినప్పటి నుంచి కోలారు, కేజీఎఫ్ ఇళ్లలోనూ ఇదే ప్రశ్న. అందుకే ముందు కోఠి సంగతి చెప్పి, తర్వాత మన జిల్లాకు వస్తాను.

భవనం చరిత్ర వేరు, కళాశాల చరిత్ర వేరు

కోఠి భవనం చదువు కోసం కట్టింది కాదు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించిన రెసిడెన్సీ అది. ఆయన హైదరాబాదు గొప్ప ఇంటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడిన కథను విలియం డాల్‌రింపుల్ ‘వైట్ మొఘల్స్’ అనే పుస్తకంగా 2002లో తెచ్చారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ముందు నడిచి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. తెల్లవాళ్లు వెళ్లిపోయాక, 1949లో మహిళా కళాశాల ఈ భవనంలోకి వచ్చింది.

కిర్క్‌పాట్రిక్ ఉత్తరాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రెసిడెన్సీ దస్త్రాలు ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. రెండు వందల ఏళ్ల నాటి దొర రాసిన ఉత్తరం అడిగితే తీసి చూపిస్తారు. అదే ఇంట్లో యాభై ఏళ్ల కిందట చదివిన అమ్మాయి అడ్మిషన్ కాగితం అంత సులభంగా దొరుకుతుందా? దొరల కాగితాలను దాచడానికి ఒక వ్యవస్థ ఏర్పడింది. విద్యార్థినుల రిజిస్టర్లు మాత్రం ఆఫీసు బీరువాల్లో, గుమాస్తాల శ్రద్ధ మీద ఆధారపడి బతుకుతాయి. నేనూ గుమాస్తాగానే రిటైరయ్యాను గనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఒక విద్యార్థిని, మూడు చోట్ల రికార్డు

కళాశాల రికార్డు అంటే ఒకే పుస్తకం అనుకుంటాం. అది మూడు చోట్ల ఉంటుంది.

ఒకటి, కళాశాల ఆఫీసు. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం ఇక్కడివి. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ముందు చదివిన బడి వంటివి ఇందులో ఉంటాయి.

రెండు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం. మార్కులు, పట్టా వివరాలు అక్కడివి. కోఠిలో ఉస్మానియా పట్టా పుచ్చుకున్న ఆమె డిగ్రీ, కళాశాల పేరు మారినా, ఉస్మానియా డిగ్రీయే.

మూడు, ప్రభుత్వం. కళాశాల మంజూరు, భవనం, ఉద్యోగాల ఉత్తర్వులు ప్రభుత్వ దస్త్రాల్లోకి పోతాయి. హైదరాబాదులో పాతవి చూడాలంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. మన రాష్ట్రానికి బెంగళూరు విధానసౌధలోని రాజ్య పత్రాగారం.

కోఠి పాత దస్త్రాలు వెతికేవాళ్లకు ఇంకో చిక్కుంది. మొదట్లో ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. నిజాం ప్రభుత్వ కాగితాల మీద ఫసలీ సంవత్సరం వేసేవారు. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది: 1350 ఫసలీ అంటే 1940-41.

ఆడవాళ్ల పేరుతో వచ్చే చిక్కు

మగవాడి రికార్డు వెతకడం సులభం. పుట్టినప్పటి పేరే చివరిదాకా ఉంటుంది. ఆడవాళ్లకు అలా కాదు. కళాశాలలో పుట్టింటి ఇనీషియల్, పెళ్లయ్యాక భర్త పేరు. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ఉంటుంది, మన కోలారు వైపు కాగితాల్లో చాలామందికి ఊరి పేరు, తండ్రి పేరు ఇనీషియల్‌గా ఉంటాయి. ఆధార్‌లో ఉన్న పేరుతో అర్జీ పెడితే ‘ఈ పేరు మా రిజిస్టర్‌లో లేదు’ అని జవాబొస్తుంది. పుట్టింటి పేరు, తండ్రి పేరు, చదివిన సంవత్సరాలు, వీలైతే రిజిస్టర్ నంబరు రాయండి. రెండు పేర్లూ ఒకరివే అని చూపడానికి పెళ్లి సర్టిఫికెట్టో, నోటరీ చేసిన అఫిడవిట్టో జత చేయండి.

మన జిల్లాలో ఎవరిని అడగాలి

కోలారు జిల్లా కళాశాలలు మూడు విశ్వవిద్యాలయాల చేతులు మారాయి: 1916లో పుట్టిన మైసూరు, 1964లో పుట్టిన బెంగళూరు, ఇప్పుడు తమకలోని ఉత్తర విశ్వవిద్యాలయం. కాబట్టి అవ్వది మైసూరు పట్టా, అమ్మది బెంగళూరు పట్టా, మనవరాలిది తమక పట్టా అయి ఉండొచ్చు. దగ్గరగా ఉంది కదా అని అందరూ తమకకు వెళ్తే పని కాదు. కార్డు మీద, పట్టా మీద ఎవరి ముద్ర ఉంటే వాళ్లనే అడగాలి. టీసీ, పుట్టిన తేదీ కావాలంటే చదివిన కళాశాలకే వెళ్లాలి. బెంగళూరు మహారాణి కళాశాలలో చదివిన మన ఆడపడుచులకూ ఇదే లెక్క. అదీ ఇప్పుడు క్లస్టర్ విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ముందు మామూలు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇతరుల స్వంత వివరాలు ఇవ్వరు గనుక చదివినామె సంతకంతోనే అర్జీ వెళ్లాలి. అందుకే ఆమె ఉండగానే ఈ పని చేయించండి.

చివరిగా సంఘం తరఫున ఒక మనవి. మన అవ్వలు, అమ్మలు కళాశాలకు వెళ్లారనడానికి పెట్టెల్లో ఇంకా కాగితాలున్నాయి: టీసీ, హాల్ టికెట్, గ్రూప్ ఫొటో, కాలేజీ పత్రిక. వాటికి లామినేషన్ చేయించకండి, పాత కాగితం పాడవుతుంది. ఫోటో తీసి, వెనక పేరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి ఉంచండి. ఫొటోలో ఎవరెవరున్నారో చెప్పగల పెద్దవాళ్లను ఈ పండక్కే కూర్చోబెట్టి అడగండి. కళాశాల రిజిస్టర్‌కు చెద పట్టినా, ఆ అమ్మాయి చదువుకున్నదని చెప్పే కాగితం ఆమె ఇంట్లోనైనా మిగలాలి.