స్త్రీల మోమున మొలచు రోమములు: మందుల మాట



ఆడుబిడ్డ గడ్డమున, పై పెదవిపై మగవారికివలె మొరటు రోమములు మొలచినచో మన యిండ్లలో దానిని కర్మమని తలచి దాచెదరు. పిల్ల నలుగురిలోనికి రాదు, పెండ్లిచూపులన్న వణకును. ఇది కర్మము గాదు, శరీరధర్మమున కలిగిన వికారము. సంతానయోగ్యమైన వయసు స్త్రీలలో నూటికి 5 మొదలు 10 మందివరకు దీని పాలగుచున్నారు. సంగారెడ్డి, పటాన్‌చెరు సీమలో ఎన్నియో మందుల కర్మాగారము లుండియు, దీనికి మందు గలదని మన పల్లెలలో పెక్కురెరుగరు. దీపము క్రిందనే చీకటి!

కారణమేమన, ఆండ్రోజెనులను హార్మోనులు పురుషులయందు హెచ్చుగను, స్త్రీలయందు కొలదిగను ఉండును. అండాశయములు గాని, మూత్రపిండములపై నుండు గ్రంథులు గాని వానిని మితిమీరి స్రవించినచో నూగు మొరటు వెండ్రుకగా మారును. పెక్కుమందికి ముట్టు క్రమము కూడ తప్పును. ఇట్టి అండాశయ వికారమును స్టైన్, లెవెంతాల్ అను అమెరికా వైద్యులు 1935లో వర్ణించిరి. పసుపు, సున్నిపిండి చర్మమునకు మేలే గాని హార్మోనును మార్చజాలవు.

వైద్యులు సాధారణముగా మొదట గర్భనిరోధక మాత్రల నిత్తురు. అవి అండాశయములనుండి వచ్చు ఆండ్రోజెనును తగ్గించును. కావున పెండ్లికాని పిల్లకు వానిని వ్రాసినచో పెద్దలు శంకింపరాదు. ఆరు మాసములకు గుణము చాలనిచో స్పైరనొలాక్టోన్ చేర్తురు. 1960 ప్రాంతమున ఒంటి నీరు తీయుటకు వచ్చిన ఈ మందు, ఆండ్రోజెను పనిని అడ్డగించునని పిదప తెలిసెను. ఫినాస్టరైడును కొందరికి నిత్తురు. ఈ రెండును గర్భిణికి కూడవు. కడుపులోని మగశిశువు అవయవములకు హాని కలుగవచ్చును. ఎఫ్లోర్నిథిన్ ఆఫ్రికాలోని నిద్రారోగమునకు వాడిన మందు. దాని లేపనమునకు 2000లో అమెరికాలో అనుమతి లభించెను. అది ముఖరోమముల పెరుగుదలను మందగింపజేయును. మానినచో మరల పెరుగును.

నాటిన పైరు నెలకే కోతకు రాదు. వెండ్రుకయు తన ఆయువు తీరినగాని రాలదు. కనుక ఆరు మాసములైనను ఓర్పు వహింపవలెను. ఉన్న రోమములను గొరిగినచో దట్టమగునన్న మాట నిజము గాదు.

ఒక హెచ్చరిక. రోమములు హఠాత్తుగా పెరిగి, కంఠస్వరము మగవానివలె మారినచో అది కంతి గుర్తు కావచ్చును. తడయక పెద్దాసుపత్రికి కొనిపోవలెను. అంగడిలో నడిగి మాత్రలు కొనరాదు. వైద్యుడు పరీక్షించి యిచ్చినదే మందు.

పెద్దలారా, బిడ్డ సిగ్గుపడి చెప్పదు. మీరే యెరిగి, ఎగతాళి నాపి, ఆమెను వైద్యునికడకు పంపుడు.