గోల్కొండ పేరు పెట్టుకున్న హాస్టలు

గోల్కొండ అనగానే మనకు హైదరాబాదు కోట గుర్తుకొస్తుంది. ఇంకో గోల్కొండ కూడా ఉంది. అది కోట కాదు, హాస్టలు! పుదుచ్చేరిలో సముద్రానికి దగ్గరలో, శ్రీ అరవిందాశ్రమం వారి ఆధ్వర్యంలో ఉంది. ఫ్రెంచి వాళ్లు పలికినట్టు ‘గోల్కొండ్’ అంటారు. 1937లో పని మొదలుపెట్టి 1940 తర్వాత పూర్తి చేశారు. మన దేశంలో ఆధునిక పద్ధతిలో, ఇనుము-సిమెంటు కాంక్రీటుతో కట్టిన తొలి భవనాల్లో ఇదొకటని వాస్తుశిల్పులు చెబుతారు. చండీగఢ్ నగరం ఇంకా కాగితం మీదికి కూడా రాని రోజులవి.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా చూసొచ్చిన చోటు గురించి రాయమని తమ్ముళ్లు అడిగారు. తాజ్‌మహల్ గురించి, చార్మినార్ గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. హాస్టల్లో పెరిగినవాడు హాస్టలు గురించి రాస్తేనే న్యాయం. ఒక గదిలో ఇరవై మందిమి ట్రంకు పెట్టెల మధ్య చాపలు పరుచుకుని, ఎండాకాలం అర్ధరాత్రి దాకా స్లాబు కింద ఉడికిపోయినవాళ్లం మనం. ‘హాస్టలంటే ఇంతే’ అని అనుకున్నవాళ్లం. ‘ఇంతే’ కాదు, ఇంకోలా కూడా కట్టవచ్చు అని ఎనభై ఏళ్ల కిందటే చేసి చూపించిన భవనం ఇది.

పైసలు ఎక్కడివి?

ఆ పేరెందుకు వచ్చిందో ముందు తెలుసుకోవాలి. అప్పటి హైదరాబాదు సంస్థానంలో సర్ అక్బర్ హైదరీ పెద్ద పదవుల్లో పనిచేసి ప్రధానమంత్రి అయినవాడు. అరవిందుల మీద ఆయనకు గౌరవం. ఆయన చొరవతోనే నిజాం సర్కారు నుంచి లక్ష రూపాయల విరాళం ఆశ్రమానికి అందింది. ఆ కృతజ్ఞతతో భవనానికి గోల్కొండ పేరు పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో మన వరంగల్ కూడా నిజాం సర్కారు కిందిదే. సర్కారు ఖజానా అంటే ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. శిస్తు కట్టిన రైతుది, వెట్టి చేసి రైతు పొలాన్నీ దొర గడీనీ నిలబెట్టిన మన తాతలది. వాళ్ల పిల్లలు బడి గడప తొక్కని కాలంలో, వాళ్ల చెమట ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక మంచి హాస్టలుకు పునాది అయింది. ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ భవనం చూడబోయే మన పిల్లలు పరాయివాళ్లలా గేటు దగ్గర బెదిరి నిలబడనక్కర లేదని చెప్పడానికే.

కట్టిన మనుషులు

నమూనా గీసినవాడు ఆంటోనిన్ రేమండ్. 1888లో ఇప్పటి చెక్ దేశంలో పుట్టాడు. అమెరికా వెళ్లి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి దగ్గర పనిచేశాడు. ఆయనతోనే టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కట్టడానికి జపాన్ వెళ్లి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. జపాను ఇళ్లలో జరిపే తలుపులు, చెక్క పని, అనవసరమైన అలంకారం లేని గదులు ఆయన మనసుకు పట్టాయి. ఆ ఇష్టం పుదుచ్చేరి భవనంలో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆయన తరఫున ఇక్కడ ఉండి పని చేయించినవాళ్లు ఇద్దరు. ఒకరు ఫ్రాంటిశెక్ సామర్, చెక్ దేశస్థుడు. పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసి వచ్చాడు. ఆ లె కార్బూజియేనే తర్వాత చండీగఢ్ నిర్మించాడు. రెండోవాడు జార్జ్ నకాషిమా. జపాను తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టాడు. పని కోసం వచ్చినవాడు ఆశ్రమ జీవితం నచ్చి, జీతం వద్దని అందరితోపాటే ఉండిపోయాడు. తర్వాత అమెరికాకు తిరిగి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను మూలాలున్న ఎంతోమందితో పాటు అతన్నీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆ శిబిరంలోనే ఒక జపాను వడ్రంగి దగ్గర పనితనం నేర్చుకుని, ప్రపంచమంతా మెచ్చిన కుర్చీలు, బల్లలు చేసిన మనిషయ్యాడు.

కూలి పనిలో ఆశ్రమవాసులే ఎక్కువ. కాంక్రీటు కలపడం వాళ్లలో చాలామందికి కొత్త. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్న పని ఏళ్ల తరబడి సాగింది. 1939లో యుద్ధం రావడంతో బయటి నుంచి రావాల్సిన సామాను ఆగిపోయింది. తలుపుల గొళ్లాలకు, మడతబందులకు ఇత్తడి కావాల్సి వస్తే భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి గిన్నెలు కరిగించి ఆశ్రమం వర్క్‌షాపులోనే పోత పోశారు. ఆ గొళ్లాలు పట్టుకున్నప్పుడు ఏ ఇంటి చెంబు ఇలా మారిందో అనిపిస్తుంది.

లోపల ఏముంది?

అది మ్యూజియం కాదు, మనుషులు నివసించే చోటు. అందుకే చూడాలంటే ముందుగా ఆశ్రమం వారి అనుమతి తీసుకోవాలి, లోపల గట్టిగా మాట్లాడకూడదు. మన హాస్టల్లో చదివిన మిత్రులం ముగ్గురం వరంగల్ నుంచి చెన్నైకి రాత్రి రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో వెళ్లి చూశాం. మాలో ఒకరు తాపీ మేస్త్రి కొడుకు, ఇప్పుడు సివిల్ ఇంజనీరు. లోపలికి అడుగు పెట్టగానే వంగి నేలను అరచేత్తో తడిమి, ‘అరే, ఇది మన కడప బండే కదరా!’ అన్నాడు. నిజమే. నల్లటి కడప బండలు, నునుపుగా, చల్లగా. గోడలకు సముద్రపు గవ్వల సున్నం పూత. తెల్లగా, నున్నగా, చేత్తో రాస్తే పాలరాయిలా ఉంటుంది. రంగు వేయాల్సిన పని లేదు.

గదిలో ఏముంది? ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, బట్టలు పెట్టుకోవడానికి ఒక బీరువా. అన్నీ టేకు. అన్నీ ఆ గది కొలతలకు తగ్గట్టు ఈ భవనం కోసమే చేసినవి. నగిషీలు లేవు, పూలు లేవు, అద్దాలు లేవు. అయినా పేదగా కనిపించదు. ‘తక్కువ వస్తువులు’ వేరు, ‘లేమి’ వేరు అని నాకు అక్కడ అర్థమైంది. లేమి అంటే మనకు కావాల్సింది ఎవరూ ఆలోచించకపోవడం. అక్కడ ఒక మనిషి చదువుకోవడానికి, పడుకోవడానికి, ఊపిరి పీల్చుకోవడానికి ఏమేం కావాలో ఒక్కొక్కటీ ఆలోచించి పెట్టారు. పై గదికీ కింది గదికీ, పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకటే తరహా గది.

ఫ్యాను లేని రోజుల్లో గాలి

విజ్ఞానం చదివే తమ్ముళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. భవనం తూర్పు-పడమరలుగా పొడుగ్గా ఉంటుంది. పొడుగు గోడలు ఉత్తరానికి, దక్షిణానికి తిరిగి ఉంటాయి. ఎందుకు? పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి గది లోపలి దాకా దూసుకొస్తుంది. దానికి ఆపు పెట్టడం కష్టం. అందుకని ఆ వైపు పొట్టి గోడలు మాత్రమే ఉంచారు. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు కాబట్టి పొడుగు గోడల మీద నేరుగా పడే ఎండ తక్కువ.

ఆ పొడుగు గోడలు కూడా మామూలు గోడలు కావు. కింది నుంచి పై దాకా అడ్డంగా పేర్చిన పలకలు. వెనీషియన్ కర్టెన్ పట్టీలలాగా పిడి తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. వాన వస్తే మూయవచ్చు, గాలి కావాలంటే తెరవవచ్చు. వెలుతురు వస్తుంది, ఎండ రాదు. ఒక వైపు గదులు, మరో వైపు నడవా. గదికీ నడవాకూ మధ్య టేకు పట్టీల జరుపు తలుపు. తలుపు మూసినా పట్టీల సందుల్లోంచి గాలి ఆడుతుంది. మన హాస్టల్లో తలుపు మూస్తే గాలి రాదు, తెరిస్తే మరుగు ఉండదు. అక్కడ రెండూ ఉన్నాయి. భవనానికి రెండు వైపులా తోటలు. చెట్ల నీడలో చల్లబడిన గాలి పలకల్లోంచి గదిలోకి వచ్చి, అటువైపు నుంచి బయటికి పోతుంది.

పైకప్పు రెండు పొరలు. అసలు స్లాబు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచారు. రెండింటి మధ్య ఖాళీ. ఎండ పెంకులను కాలుస్తుంది కానీ ఆ వేడి స్లాబుకు చేరేలోపు మధ్యలో గాలి దాన్ని మోసుకుపోతుంది. మన ఊళ్లో మే రెండో వారంలో, మళ్లీ జూలై ఆఖరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మే నెలంతా ఆ ఎండ తాగిన స్లాబు రాత్రంతా వేడి కక్కుతుంది. పది గంటలకు స్టడీ అవర్ అయ్యాక కూడా గది ఎందుకు ఉడుకుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గోల్కొండ్ పలకలు ఆస్బెస్టాస్ కలిపిన సిమెంటుతో చేసినవి. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని ఆ రోజుల్లో జనానికి తెలియదు, ఇప్పుడు తెలుసు. కాబట్టి ఆ ఉపాయం తీసుకోవాలి, ఆ సామాను వద్దు. మన దగ్గర ఎక్కడైనా పాత సిమెంటు రేకులు పగిలితే పిల్లలు వాటిని ముట్టుకోవద్దు, కోయవద్దు, ఊడ్చవద్దు.

ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

పాత భవనాన్ని నిలబెట్టుకోవడానికి రెండు దారులు. ఒకటి, పాడయ్యాక విప్పి మళ్లీ కట్టడం. మన వేయిస్తంభాల గుడి కల్యాణమండపం కుంగిపోతే 2006లో విప్పడం మొదలుపెట్టి, రాళ్లకు నంబర్లు వేసి, తిరిగి పేర్చి 2024 మార్చిలో తెరిచారు. దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. గొప్ప పని, కానీ ఎంత ఖరీదైన పని! రెండో దారి, పాడు కాకుండా రోజూ చూసుకోవడం. గోల్కొండ్‌ది ఆ దారి. మోనా పింటో అనే ఆమె దశాబ్దాల పాటు దాని బాగోగులు చూశారు. ఉన్నవాళ్లే తుడవాలి, ఇత్తడి మెరుగు పెట్టాలి, వదులైన మేకు ఆరోజే బిగించాలి. అందుకే లోపలి కుర్చీలు, తలుపులు, గొళ్లాలు తొలినాటి రూపంలోనే నేటికీ వాడుకలో ఉన్నాయి.

మూడో దారి కూడా ఉంది, అది పోగొట్టుకోవడం. 1934 నాటి ఆజంజాహి మిల్లు మన నగరానికి అన్నం పెట్టింది. మూతబడ్డాక ఆ షెడ్లు మిగల్లేదు. 1886 నాటి సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చారు. ఆసుపత్రి కావాల్సిందే, జైలు మీద ఎవరికీ ప్రేమ ఉండదు. కానీ పోయిన కట్టడాలతో పాటు వాటిని కట్టిన మన రాళ్లు కొట్టేవాళ్ల, వడ్రంగుల, కమ్మరుల పనితనం కూడా పోతుందని గుర్తుంచుకుందాం.

గది అంటే ఏమిటో బాబాసాహెబ్‌కు తెలుసు

1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్‌కు బరోడా పట్టణంలో ఉండటానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చి దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి వెళ్లగొట్టింది. అంత చదువు చదివిన మనిషి ఆ రోజు పార్కులో చెట్టు కింద కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1925లో షోలాపూర్‌లో మన పిల్లల కోసం హాస్టలు తెరవడం. చదువుకు పుస్తకం ఎంత ముఖ్యమో పుస్తకం తెరిచి కూర్చునే చోటూ అంతే ముఖ్యమని ఆయనకు అనుభవం నేర్పింది. ఆ హాస్టళ్ల వారసులం మనం. కాబట్టి మంచి గది అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మనం చేయగలిగింది

గోల్కొండ్ లాంటిది రేపే కట్టలేం. కానీ పైసా ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి కొన్ని ఉన్నాయి. ఎదురెదురు కిటికీలకు ట్రంకు పెట్టెలు అడ్డం పెట్టకూడదు. పడమటి గోడ పక్కన వేప, కానుగ మొక్కలు నాటి, ఒక్కో మొక్కను ఒక్కో గదికి అప్పగించాలి. మార్చి రాకముందే స్లాబు మీద తెల్ల సున్నం వేయించాలి. కప్పులు చల్లగా ఉంచాలని తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానమే ప్రకటించింది, దాన్ని చూపించి అడగవచ్చు. ఒక థర్మామీటర్ కొని ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పది గంటలకు గది వేడి రోజూ నోటుబుక్కులో రాయాలి. ‘వేడిగా ఉంది సార్’ అంటే ఎవరూ వినరు. నలభై రోజుల అంకెలు పెట్టిన అర్జీని పక్కన పెట్టడం అంత సులువు కాదు.

పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లు, మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు ఉన్నారు. ఏడాదికి ఒక ఆదివారం వచ్చి వదులైన గొళ్లాలు బిగించి, పగిలిన కిటికీలు సరిచేసి పోదాం. థర్మామీటర్ నేను పంపిస్తాను. నోటుబుక్కు మీరు తెరవండి, తమ్ముళ్లూ.