చినుకు దెబ్బ

వాన వెలిసిన తరువాత సున్నము వేసిన ఇంటి గోడను ఒకసారి పరీక్షగా చూడుడు. నేల నుండి మూరెడు ఎత్తు వరకు ఎర్రమట్టి చుక్కలు అంటుకొని ఉండును. ఆ మట్టి గాలికి ఎగిరి వచ్చినది కాదు. చినుకు నేలను కొట్టి ఎగురగొట్టిన మట్టి అది. గోడ మీద కనబడునది పొలములో మన కంటికి ఆనదు. భూమి కోత పడుచున్నదనగానే మనము వాగును, వంకను, తెగిన గట్టును తలచుకొందుము. కాని నష్టము అంతకు ముందే, నీరు పారుట మొదలు కాక పూర్వమే, తొలి చినుకులతోనే ఆరంభమగుచున్నది.

చినుకు ఎంత వేగముతో పడును? గాలియే లేకున్నచో, కిలోమీటరు ఎత్తు నుండి జారిన చినుకు నేలను చేరుసరికి సెకనుకు 140 మీటర్ల వేగము అందుకొనును. అట్టి వాన క్రింద పైరును మిగులదు, పశువును మిగులదు. గాలి అడ్డుపడుటచేత మనము బ్రతికిపోవుచున్నాము. చినుకు తన దారిలోని గాలిని ఢీకొని, ప్రక్కకు నెట్టుకొనుచు రావలెను. వేగము పెరిగిన కొలది ఈ అడ్డును పెరుగును. అడ్డు చినుకు బరువుతో సమానమైన పిమ్మట వేగము ఇక హెచ్చదు. 1 మిల్లీమీటరు చినుకు సెకనుకు సుమారు 4 మీటర్లు, 2 మిల్లీమీటర్లది ఆరున్నర మీటర్లు, 5 మిల్లీమీటర్లది 9 మీటర్ల వేగముతో నేలను తాకును. అంతకన్న బాగా పెద్దదైనచో గాలి తాకిడికే చీలి ముక్కలగును. బొమ్మలలో చినుకును మొన తేల్చి కన్నీటి బొట్టువలె వేయుదురు గాని, నిజమునకు పెద్ద చినుకు అడుగున చదునుగా, పైన గుండ్రముగా, బోర్లించిన గిన్నెవలె ఉండును.

5 మిల్లీమీటర్ల చినుకు 1 మిల్లీమీటరు చినుకునకు 125 రెట్లు బరువు. వేగము రెండింతలకు కొంచెము పైన. దెబ్బలోని శక్తి బరువును బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు ఉండును గనుక, పెద్ద చినుకు దెబ్బ చిన్నదాని దెబ్బకు సుమారు 600 రెట్లు. రెండు దినములు పట్టిన ముసురు చేయని చెరుపు అరగంట జడివాన చేయుటకు ఇదియే కారణము.

మరియొక లెక్క చూతము. ఎకరము మీద 5 సెంటీమీటర్ల వాన పడినచో ఆ నీటి బరువు 200 టన్నులు. ఇది సెకనుకు 7 మీటర్ల వేగముతో పడినదనుకొందము. అందులో నాలుగవ వంతు, అనగా 50 టన్నులు, సెకనుకు 1 మీటరు వేగముతో పొలము దాటి పారినదనుకొందము. బరువులో నాలుగు రెట్లు, వేగపు వర్గములో 49 రెట్లు తేడా. పారు నీటికన్న పడు నీటిలో దాదాపు 200 రెట్లు శక్తి ఉన్నదన్నమాట. మట్టిని మోసుకొనిపోవునది పారు నీరే. పెళ్ళగించి దానికి అందించునది మాత్రము చినుకు.

చినుకు నేలను తాకిన తొలి క్షణమున, సెకనులో లక్షవ వంతు కాలము కూడ నిలువని ఆ తాకిడిలో, నీటికి ప్రక్కకు తప్పుకొను వ్యవధి ఉండదు. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగును. వెంటనే నీరు పలుచని రేకువలె నలువైపులకు, చినుకు పడిన వేగమును మించి చిమ్మును. ఈ రేకు అంచులు లేచి కిరీటమువలె కనబడును. విద్యుత్ మెరుపుల వెలుగులో తీసిన ఇట్టి ఛాయాచిత్రములను వర్తింగ్‌టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1908లో పుస్తకముగా ప్రకటించెను. ఇందులో గాలికిని పాత్ర గలదు. నున్నని పొడి గాజుపలక మీద పడు బొట్టు చుట్టునున్న గాలి ఒత్తిడిని తగినంత తగ్గించినచో, చిమ్ముట పూర్తిగా ఆగిపోవునని 2005లో షికాగో విశ్వవిద్యాలయమువారు చూపిరి. తొలకరి మట్టివాసనకును ఇట్టి కారణమే. చినుకు క్రింద చిక్కిన గాలి బుడగలై పైకి లేచి పగులునపుడు ఆ వాసనను గాలిలోనికి చిమ్మును.

పొలములో ఈ చిమ్ము మట్టి రెండడుగుల ఎత్తునకు, అయిదడుగుల దూరమునకు కూడ పోగలదు. సమతలముపై ఎటు చిమ్మినదో అటునుండియు వచ్చును గనుక నష్టము తోచదు. వాలునందు అట్లు కాదు. నూటికి పది వాలు గల నేలలో చిమ్మిన మట్టిలో నాలుగింట మూడు వంతులు పల్లమునకే చేరునని అమెరికాలో ఎల్లిసన్ 1944లో ప్రకటించిన పరిశోధనలు తెలిపినవి.

పొడి గడ్డలకు మరియొక ఆపద గలదు. ఎండిన మట్టిగడ్డను గ్లాసెడు నీటిలో వేసి చూడుడు. బుడగలు వచ్చి గడ్డ విచ్చిపోవును. నీరు అన్ని వైపులనుండి చొరబడగా లోపలి గాలి నలిగి, దారి లేక గడ్డను పగులగొట్టుచున్నది. తొలకరిలో ఈ పనియు, చినుకు దెబ్బయు కలిసి పైమట్టిని మెత్తని రేణువులుగా చేయును. అవి నేల రంధ్రములలో దిగి మూసివేయును. ఆపై ఎండ కాయగా అట్ట కట్టును. తెలంగాణ, రాయలసీమ చల్కా నేలలలో దీని బాధ రైతులకు చెప్పనక్కరలేదు. మందము కొద్ది మిల్లీమీటర్లే. అయినను సజ్జ, నువ్వు వంటి చిన్న గింజల మొలక దానిని చీల్చుకొని రాలేదు. తరువాతి వాన ఇంకక పారిపోవును.

నీరు తగ్గకుండ దెబ్బ మాత్రము తప్పించినచో ఏమగును? ఇప్పటి జింబాబ్వేలో, అప్పటి దక్షిణ రొడీషియాలో, హడ్సన్ అను నేల సంరక్షణ శాస్త్రజ్ఞుడు 1950ల దశకములో ఈ ప్రయోగమునే మొదలిడెను. రెండు మళ్ళను కలుపు లేకుండ బీడుగా ఉంచి, ఒకదానిపై దోమతెర వంటి వల కట్టించెను. వాన రెండింటను సమానమే. వల మీద చినుకులు చితికి మెల్లగా దిగినవి, అంతే తేడా. వల క్రింది మడిలో మట్టి నష్టము రెండవదానిలో సుమారు నూరవ వంతు మాత్రమే.

పొలమంతటికి వల కట్టలేము గాని ఆకు, చెత్త ఆ పని చేయగలవు. నేలలో మూడవ వంతు కప్పబడినను మట్టి కోత సగమునకు పైగా తగ్గును. అయితే జొన్నచొప్పను పొలములో పరచుడని చెప్పుట సులభము. పశువులకు మేత ఎక్కడిది? చొప్పను అడుగవద్దు. పశువు ముట్టని కంది, ఆముదపు కట్టెను, వేరుశనగ పొట్టును, గట్లపై పెంచిన గ్లైరిసీడియా కొమ్మలను వాడుకొనవచ్చును. ఎడముగా వేసిన కంది, ఆముదపు సాళ్ళ నడుమ పెసర, అలసంద వేసినచో అవి త్వరగా నేలను కప్పును. ఆకు భూమికి దగ్గరగా ఉండవలెను. అరమీటరు ఎత్తు ఆకు నుండి జారిన బొట్టు దెబ్బ వాన చినుకు దెబ్బలో ఎనిమిదవ వంతు మాత్రమే. పొడవైన చెట్టు ఆకు నుండి రాలిన బొట్టు మరల పెద్దదై పూర్తి వేగము అందుకొనును. కావున రాలిన ఆకును ఊడ్చివేసిన టేకు తోటలో నేలకు రక్షణ లేదు.

దుక్కిని పిండివలె చేయుట అందముగానే ఉండును. చల్కాలో అది అట్టకు పెట్టుబడి. గింజ మొలుచుటకు చాలినంత మెత్తదనము సాలులో ఉన్న చాలును, సాళ్ళ నడుమ చిన్న గడ్డలు మిగులనిండు. విత్తిన తరువాత జడివాన కురిసి ఎండ కాసినచో, అట్ట గట్టిపడక మునుపే, తడి కొంచెము ఆరిన వెంటనే, తేలికపాటి దంతెనుగాని ముళ్ళకంపనుగాని సాళ్ళకు అడ్డముగా లాగవలెను. రెండు దినములు ఆలస్యమైనచో అట్ట పెళ్ళలుగా లేచి మొలకను తెంపును.