కాల్‌లెటర్ తెరుచుకోవట్లేదా?

గుంటూరు అరండల్‌పేటలో ఓ నెట్ సెంటర్. రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ. మెయిల్‌లో వచ్చిన కాల్‌లెటర్‌ని నొక్కితే, దేంతో తెరవాలో చెప్పమని కంప్యూటర్ మిమ్మల్నే అడుగుతోంది. కంగారొద్దు. ఇలా చేసి చూడండి.

తోక చూడండి: ఫైల్ పేరులో చివరి చుక్క తర్వాత ఉండేదే ఎక్స్‌టెన్షన్. విండోస్ దాన్ని దాచేస్తుంది. ఫోల్డర్‌లోని ‘వ్యూ’లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేస్తే కనిపిస్తుంది.

డాక్స్ అయితే: ఇది వర్డ్ 2007తో వచ్చిన రకం. పాత వర్డ్ గుర్తుపట్టదు. గూగుల్ డ్రైవ్‌లో గానీ, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో గానీ తెరవండి. ఆర్ఏఆర్ ఫైల్‌కి 7-జిప్ చాలు.

తోకే లేకపోతే: మిర్చి యార్డులో టిక్కీ మీది చీటీ చూసి ధర కట్టరు, కాయ చూసి కడతారు. ఇక్కడా అంతే. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లో శాతం గుర్తు, పక్కనే ‘పీడీఎఫ్’ అని ఉంటే అది పీడీఎఫ్. ‘పీకే’ అని ఉంటే జిప్ లేదా డాక్స్. సేవ్ చేయకుండా మూసేసి, పేరు చివర సరైన తోక తగిలించండి.

జాగ్రత్త: ‘కాల్‌లెటర్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అని ఉంటే అది ఉత్తరం కాదు, ప్రోగ్రామ్. నొక్కకుండా తీసేయండి.

ఏదీ కుదరకపోతే పీడీఎఫ్‌లో పంపమని మర్యాదగా జవాబు రాయండి, తప్పేం లేదు. మీ రెజ్యూమెనూ పీడీఎఫ్‌లోనే పంపండి. డీటీపీ సెంటర్ ఇచ్చిన పేజ్‌మేకర్ ఫైల్ అలాగే పంపితే, అవతల మీలాగే ఇంకొకరు తల పట్టుకుంటారు!