జీవితకాలంలో ఎన్ని కచేరీలు?

కళాకారుల ఎదుట కూర్చుని ఒక మనిషి జీవితకాలంలో ఎన్నిసార్లు సంగీతం వింటాడన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దానికి జవాబు చెప్పగల లెక్కలు అరుదు. శ్రోతల అలవాట్లపై జరిగే సర్వేలు సాధారణంగా గడచిన పన్నెండు నెలల గురించే అడుగుతాయి. అమెరికాలో కళలకు ఆర్థిక సాయం అందించే ప్రభుత్వ సంస్థ 1982 నుంచి కొన్నేళ్లకొకసారి జరిపిస్తున్న సర్వే ఇందుకు ఉదాహరణ. ఏడాదిలో ఒక్కసారైనా పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీకి వెళ్లిన వయోజనులు 1982లో 13 శాతం ఉండగా 2012 నాటికి 9 శాతం లోపుకు తగ్గారని అందులో తేలింది. ఈ అంకెను జీవితకాలానికి హెచ్చించి చెప్పడానికి వీలులేదు, ఎందుకంటే ఏటా ముప్ఫై కచేరీలు వినేవారూ, పదేళ్లలో ఒక్కటీ వినని వారూ పక్కపక్క ఇళ్లలోనే ఉండవచ్చు. సగటులో ఆ ఇద్దరిలో ఎవరూ కనబడరు.

తెలుగునాట ఈ లెక్క మరింత చిక్కైనది, ఎందుకంటే ఇక్కడ సంగీతం ప్రధానంగా పండుగలను అంటిపెట్టుకుని సాగింది. శ్రీరామనవమికి పందిరి వేసి తొమ్మిది రోజుల పాటు గానం, హరికథ, నాదస్వరం ఏర్పాటు చేయడం, దసరా నవరాత్రులకు విద్వాంసులను పిలిపించడం, పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధన జరపడం కోస్తా పట్టణాలలో బలంగా నాటుకున్న ఆచారాలు. పందిరిలో టిక్కెట్టు ఉండదు, చాప మీద చోటు దొరికితే చాలు. ఏటా ఆ తొమ్మిది రాత్రులలో సగమే విన్నవారికైనా పదేళ్ల వయసు నుంచి అరవై నిండేసరికి రెండు వందల కచేరీలు దాటుతాయి, అయినా వారిలో ఎవరూ తమను సంగీతాభిమానులుగా చెప్పుకుని ఉండకపోవచ్చు. ఒక మనిషి ఎన్ని కచేరీలు వింటాడన్నది అతని అభిరుచి కన్నా ముందుగా, నడిచి వెళ్లగలిగిన దూరంలో ఏడాదికి ఎన్ని కచేరీలు జరుగుతాయన్న దాని మీద ఆధారపడి ఉంటుందని ఇది స్పష్టంగా చూపుతుంది.

ఆ చోటు అందరికీ సమానంగా దక్కలేదన్న నిజాన్ని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి మీద తన సొంత సంపాదనతో ఆలయం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మే, అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. కులం కారణంగా పందిరి బయటే నిలబడి విన్నవారి సంఖ్య ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు.

పండుగ పందిరి తరువాత కచేరీలను పెంచినది సభ, అంటే సభ్యుల చందాలతోనూ దాతల విరాళాలతోనూ ఏడాది పొడవునా కార్యక్రమాలు నడిపే సంస్థ. కాకినాడ సరస్వతీ గానసభ, హైదరాబాదు చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ వంటివి ఈ పద్ధతిలోనే ఎదిగాయి. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభలతో పాటు జరిగిన సంగీత సమావేశం నుంచి 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ నగరపు డిసెంబరు ఉత్సవాలలో రోజుకు ఒక్క కచేరీ చొప్పున పదిహేను రోజులు వినేవారు నలభై ఏళ్లలో ఆరు వందలకు చేరతారు. సముద్రాలు దాటిన తెలుగువారికీ, తమిళులకూ 1978లో మొదలైన క్లీవ్‌ల్యాండ్ త్యాగరాజ ఆరాధన అటువంటి అవకాశాన్నే కల్పించింది.

కర్ణాటక సంగీతం విషయంలో ఇన్నిసార్లు వినడం వృథా కాకపోవడానికి దాని స్వభావమే కారణం. ఇందులో కృతి స్వరకర్తదే అయినా, దాని ముందు సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించే ఆలాపన, ఒకే పాదాన్ని లయ తప్పకుండా రకరకాలుగా మలచే నెరవు, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు గాయకుని సొంతం. ఈ సృజనశక్తినే మనోధర్మం అంటారు. మృదంగ విద్వాంసునికి విడిగా అవకాశమిచ్చే తని ఆవర్తనం కూడా ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. కనుక ఒకే కల్యాణి రాగ కృతిని పది కచేరీలలో విన్న శ్రోత పది వేర్వేరు కల్యాణులను విన్నట్టే లెక్క. తాళం వేస్తూ ముందు వరుసలో కూర్చున్న శ్రోతల ముఖాలను చూసి విద్వాంసుడు ఆలాపనను పొడిగించడమూ, కుదించడమూ ఉంటుంది. రికార్డింగు వినేవారికి ఈ భాగస్వామ్యం దక్కదు.

అలాగని రేడియో కచేరీకి శత్రువైందని చెప్పడం న్యాయం కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం కచేరీ ముఖం చూడని ఇళ్లకు కూడా రాగాలను పరిచయం చేసి, ఆ చెవులను సభల కోసం సిద్ధం చేసింది. అసలు నష్టం తరువాతి కాలంలో, నగరాల దూరాలు, రద్దీ, సాయంత్రాలను మింగే ఉద్యోగాలు పెరిగినప్పుడు వచ్చింది. ఇప్పుడు సినీ సంగీత కచేరీలకు మైదానాలు నిండుతున్నా, ఖరీదైన ఆ టిక్కెట్లను సామాన్య కుటుంబం తరచుగా కొనలేదు. ఉచితంగా జరిగే సభలలో మాత్రం ఎక్కువగా నెరిసిన తలలే కనిపిస్తున్నాయి. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం ఒకేసారి మీదపడే నడివయసులో కచేరీలు తగ్గడం సహజమే, కానీ విశ్రాంత జీవితంలో తిరిగి సభ మెట్లెక్కేవారు చాలావరకు బాల్యంలో ఆ రుచి ఎరిగినవారే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ తొలి కచేరీ చిన్ననాడే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో జరిగింది. ఊరి ఉత్సవాలు శ్రోతలతో పాటు విద్వాంసులను కూడా తయారుచేశాయనడానికి అంతకన్నా పెద్ద నిదర్శనం అవసరం లేదు.

సభలు నడిపేవారు కార్యక్రమాలను పాఠశాలల సమీపానికి, సెలవు రోజుల ఉదయాలకు తీసుకువెళ్లాలి. పెద్దలు తమ ఊరి సభకు ఈ ఏడాది వెళ్లేటప్పుడు ఎనిమిదేళ్లు నిండిన పిల్లల్లో ఒకరిని వెంట తీసుకువెళ్లి, అరగంట కూర్చోబెట్టినా చాలు.