పసుపు వేసిన రేడియేటర్

దారిలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు కలిపి పొయ్యమనేది మన లారీ డ్రైవర్ల పాత చిట్కా. మదనపల్లె టమోటా మార్కెట్ నుంచి చెన్నై వైపు లోడుతో పోయే బండికీ, పుంగనూరు పల్లెల్లో ఇంకా తిరుగుతున్న డీజిల్ జీపుకీ, పలమనేరు మీదుగా కుప్పం పోయే వ్యానుకీ ఇదే వైద్యం. నవ్వుతారేమో గానీ చాలాసార్లు పని చేస్తుంది. క్రిముల్ని చంపుతుందని చెప్పుకునే గుణానికీ దీనికీ సంబంధం లేదు. పసుపు కొమ్ములో పిండి పదార్థం ఎక్కువ. ఇంజన్ వేడికి ఆ పిండి నీళ్లలో ఉబ్బి జిగురవుతుంది. నీరు ఎక్కడ బయటికి చిమ్ముతోందో అక్కడికే ఆ జిగురు, దానితోపాటు నలగని పీచు కొట్టుకుపోయి బొక్కలో ఇరుక్కుంటాయి. గాలి తగిలి ఆరి గట్టిపడతాయి. కోడిగుడ్డు తెల్లసొన పోసేవాళ్లూ ఉన్నారు. అందులో పని చేసేది మాంసకృత్తు, అది వేడికి గడ్డకడుతుంది. స్పేర్ పార్ట్స్ షాపులో కొన్ని వందలు పెట్టి కొనే స్టాప్ లీక్ సీసా కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, కాకపోతే అందులోని రేణువులు ఇంకా మెత్తగా, కొలతగా ఉంటాయి.

కారడం రేడియేటర్‌తోపాటే పుట్టిన జబ్బు. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండికి రేడియేటరే లేదు. ఇంజన్ చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోయేది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ అదే తరహా బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్తూ, దారి పొడవునా నీళ్లు పోసుకుంటూ పోయింది. 1900-01లో విల్‌హెల్మ్ మేబాక్ మొదటి మెర్సిడెస్ కారుకు తేనెపట్టు రేడియేటర్ తయారు చేశాడు. అందులో 8,070 చిన్న గొట్టాలున్నాయి. నీళ్లు పోస్తూ పోవలసిన బాధ తప్పింది. కానీ ఇన్ని గొట్టాలంటే ఇన్ని మాట్లు, ఇన్ని మాట్లంటే కారడానికి ఇన్ని చోట్లు. సీసాలో మందు అమ్మే వ్యాపారం ఆ తర్వాత పుట్టింది. అమెరికాలో బార్స్ లీక్స్ అనే పేరు 1947 నుంచి ఉంది.

ఈ మందుకు అన్నిటికన్నా పెద్ద కితాబు దొరికింది మాత్రం కార్ల లోకంలో కాదు. 1958లో అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ ఉత్తర ధ్రువం మంచు కిందుగా దాటడానికి రహస్యంగా సిద్ధమవుతోంది. ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్‌లోకి సముద్రపు ఉప్పునీరు ఊరుతోంది. ఎక్కడ నుంచో ఎవరికీ అంతుపట్టలేదు. కమాండర్ విలియం ఆండర్సన్ సిబ్బందిని మామూలు బట్టల్లో సియాటిల్ నగరంలోకి పంపి, 140 డబ్బాల కార్ల స్టాప్ లీక్ కొనిపించాడు. అందులో కొంత కండెన్సర్‌లో పోశారు. ఊట ఆగింది. ఆగస్టు 3న నాటిలస్ ధ్రువాన్ని దాటింది. ఈ మందులు అమ్మేవాళ్లకు ఇంతకన్నా మంచి కథ లేదు. అయితే నాటిలస్‌లో ఇంజనీర్లు ఇరవై నాలుగు గంటలూ మీటర్లు చూస్తూ కూర్చునేవారు. మన పాత జీపులో టెంపరేచర్ ముల్లు పని చేస్తోందా అన్నదే అనుమానం.

ఇక మన పడమటి మండలాల సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఇంత ఎత్తులో మూత లేని గిన్నెలో నీరు 98 డిగ్రీలలోపే మరుగుతుంది. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది. లోపల అంత ఒత్తిడి నిలబెడుతుందని దాని అర్థం. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు వట్టి నీరైనా 115 డిగ్రీలు దాటేదాకా మరగదు. సూదిమొన అంత బొక్క పడితే పోయేది నీరొక్కటే కాదు, ఒత్తిడీ పోతుంది. అప్పుడు అదే నీరు 98 దగ్గరే తెర్లుతుంది. హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు చేరి, అక్కడి లోహానికి నీరు తగలకుండా పోయి, హెడ్ వంకరపోతుంది. కింద తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు ఎక్కుతూ మధ్యలో ఆగి పొగలు కక్కే బండ్లలో కొన్నిటి కథ ఇదే. రాత్రిపూట కౌండిన్య అడవి పక్కన, ఏనుగులు తిరిగే దారిలో బండి ఆగితే మెకానిక్ కూడా రాడు. అలాంటి చోట సీసా మందు విలువను తక్కువ చేసి మాట్లాడలేను.

కానీ ఇక్కడి నీళ్లే దానికి శత్రువు. వెయ్యి అడుగులు దాటిన బోర్ల నుంచి వచ్చే ఉప్పు నీళ్లు ఇంట్లో నీళ్లు కాచే పాత్ర అడుగున తెల్లటి పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ సున్నం కడతాయి. పదేళ్లుగా కూలెంట్ మాటెత్తకుండా బోరు నీళ్లు పోసిన బండిలో గొట్టాలు ముందే సగం పూడి ఉంటాయి. ఆ సున్నం గరుకు మీద మందు రేణువులు పట్టుకుని మిగతా సగం పూడ్చేస్తాయి. కారడం ఆగుతుంది, వేడి పెరుగుతుంది. మళ్లీ కారితే ఇంకో సీసా పోసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌ను విప్పి రాడ్ కొట్టించి, పగిలిన చోట మాటు వేయించడానికి మన ఊళ్లలో ఇంకా పనివాళ్లున్నారు. అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంక్ తగిలించిన కొత్త రకానికే ఆ సదుపాయం తక్కువ. ట్యాంక్ చీలితే ఏ మందూ అతకదు, మార్చాల్సిందే.

హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే అమ్మే మందు వేరు. అందులో చాలావాటికి ప్రాణం సోడియం సిలికేట్. ద్రవంగా లోపలికి వెళ్లి, మంట తగిలే చీలిక దగ్గర నీరు ఆవిరై గాజులా గట్టిపడుతుంది. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బండ్లను తుక్కు చేయించే పథకం పెట్టింది. సుమారు 6.77 లక్షల బండ్లు వచ్చాయి. ఆ ఇంజన్లు మళ్లీ రోడ్డెక్కకుండా, ఆయిల్ తీసేసి ఈ సోడియం సిలికేట్ ద్రావణమే పోసి, సీజ్ అయ్యేదాకా నడిపారు. నీటి దారిలో కాపాడేది ఆయిల్ దారిలో చంపుతుంది. గ్యాస్కెట్ పోయిన ఇంజన్‌లో ఆ రెండు దారులూ కలిసిపోయి ఉండవచ్చు. మరో ఆరు నెలల్లో తుక్కుకు వేసే బండైతే పోసి చూడండి. లేకపోతే హెడ్ విప్పి, ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయించడమే చవక.

ఆయిల్ సీల్ మందుల మీద నాకు కొంచెం మంచి అభిప్రాయమే. సీల్ రబ్బరులో మెత్తదనం ఇచ్చే పదార్థాలు వేడికి ఏళ్ల తరబడి కారిపోయి అది బిరుసెక్కుతుంది. ఈ మందులోని ఎస్టర్లు రబ్బరులోకి ఇంకి దాన్ని కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గానీ తేడా తెలియదు. సీల్ పెదవి అరిగినా, షాఫ్ట్ మీద గాడి పడినా ఫలితం సున్నా. మందు కొనేముందు బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పున కొడుతుంటే, తప్పు సీల్‌ది కాదు, అరిగిన పిస్టన్ రింగులది. లోపలి ఒత్తిడే ఆయిల్‌ను బయటికి తోస్తోంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మాత్రం ఇలాంటిది చుక్క కూడా వేయకూడదు. అక్కడి రబ్బరు వేరు. పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి చెడుతుంది, ఘాటులో బ్రేక్ దొరకదు.

పాత బండి కొనబోయేవాళ్లకు ఒక మాట. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లి రేడియేటర్ మూత మీరే తీయించి చూడండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహానికి కొడతాయి. లోపల గోధుమరంగు బురదో, మెరిసే రాగి రేణువులో కనిపిస్తే అమ్మేవాడు మందు పోశాడని అర్థం. కొత్త రేడియేటర్ ఖరీదు తగ్గించి బేరమాడండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.